వీరవేణి సెలవుకు తగిన డేరా

మన జిల్లాలో డేరాల కింద బతికినవాళ్లు ఎవరయ్యా అంటే, సర్కసు వాళ్ల తర్వాత వెదుళ్లపాలెం నర్సమ్మ వీరవేణి పేరే చెప్పాలి. ఇరవై రెండేళ్ల సర్వీసు. కంటి శిబిరం పెడితే డేరా కింద వీరవేణి. రక్తదాన శిబిరం పెడితే డేరా కింద వీరవేణి. గోదారి పొంగి లంకల్లో జనాన్ని తెచ్చి హైస్కూలు గ్రౌండులో దింపితే అక్కడా మందుబిళ్లల పెట్టె పట్టుకుని వీరవేణి. ఇన్ని డేరాల్లో ఒక్కదాని కిందా ఆవిడ కాళ్లు చాపుకు కూర్చున్న పాపాన పోలేదు. ప్రతి డేరాలోనూ కుర్చీ ఒకటి వేస్తారు గానీ అది డాక్టరుగారిది.

అలాంటి మనిషికి డేరా గుడ్డ కనిపిస్తే ఒళ్లు మండాలి. మండేది కూడా. కానీ ఓ రోజు బస్టాండులో విహార శాఖ వాళ్ల వాల్‌పోస్టరు కంటపడింది. గోదారి ఇసుకతిన్నె మీద నీలం డేరా. డేరా ముందు మడత కుర్చీలో ఓ ఆడమనిషి కాళ్లు బార్లా చాపుకుని టీ తాగుతోంది. చేతిలో సిరంజి లేదు, ఒళ్లో రిజిస్టరు లేదు, చుట్టూ పిల్లల ఏడుపు లేదు. కింద ఇంతింత అక్షరాలతో "మీ సెలవుకు తగిన శిబిరాన్ని ఎంచుకోండి!" అని రాసి ఉంది. దాన్ని చూస్తూ వీరవేణి రెండు బస్సులు వదిలేసింది.

"ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగట్లేదండీ" అంది ఇంటికొచ్చి.

"ఎవర్నే?" అన్నాడు సూరిబాబు, మిషను తొక్కుతూనే. ఆయన టైలరు. వీధి గదిలోనే కొట్టు.

"పోస్టరులో ఆవిణ్ణి. హాయిగా కూర్చుందంతే. నాకూ అలా రెండ్రోజులు కూర్చోవాలనుందండీ. చుట్టాలింట్లో కాదు. చుట్టాలింటికెళ్తే నేను దిగీ దిగగానే బీపీలు చూడమని చేతులు చాపుతారు."

సూరిబాబు మిషను ఆపేశాడు. పెళ్లయ్యాక ఆవిడ తనకోసమని ఏదీ అడిగిన గుర్తు లేదాయనకి. "పద, వెళ్దాం. డేరా లేదంటే నేనే కుట్టేస్తాను" అన్నాడు.

డేరా కుట్టడం ఎంతసేపు? సెలవు దొరకడమే కష్టం. వీరవేణి ఐదు రోజుల సెలవు చీటీ పట్టుకుని జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు పదకొండు సార్లు కాళ్లరిగేలా తిరిగింది. పదకొండు సార్లూ గుమ్మంలో అటెండరు దాలయ్య ఒకటే మాట చెప్పాడు.

"అయ్యగారు క్యాంపులో ఉన్నారమ్మా."

"ఎప్పుడొస్తారు దాలయ్యా?"

"చెప్పలేం. వస్తే తెలుస్తుంది."

మన ఆఫీసుల్లో క్యాంపు అనే మాటకున్న మహిమ ఏ మంత్రానికీ లేదు. అయ్యగారు ఊరి మీదకెళ్లినా క్యాంపే, పెళ్లికెళ్లినా క్యాంపే, పక్క గదిలో కునుకు తీస్తున్నా క్యాంపే. ఆ మాట చెవిన పడ్డాక ఎంతటివాడైనా నోరు మూసుకుని వచ్చిన దారిన పోవలసిందే. వీరవేణి కూడా పదకొండు సార్లు అలాగే పోయింది.

పన్నెండోసారి ఆవిడ అయ్యగారి దగ్గరకు వెళ్లలేదు. అయ్యగారే కంటి శిబిరంలో ఆవిడ డేరాలోకి వచ్చి, కళ్లు చూడమని కూర్చున్నారు. వీరవేణి చుక్కల మందు వేసింది. ఆ మందు వేశాక అరగంట సేపు అక్షరం ఆనదు. ఆ అరగంటలో ఆవిడ చీటీ తీసి ఆయన ముందుంచింది.

"ఏమిటిది?" అన్నారు అయ్యగారు.

"నా సెలవు చీటీ సార్."

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

"నా వేలున్నచోట సార్."

అలా వచ్చింది సోమవారం నుంచి శుక్రవారం దాకా సెలవు.

ఇక విహార శాఖ సంగతి. ఆ శాఖకు ఆ ఏడే జ్ఞానోదయమైంది. అంతకుముందు జనం ఇష్టమొచ్చిన చోట డేరా వేసుకుని, ఇష్టమొచ్చినన్నాళ్లు ఉండి, ఇంటికొచ్చేసేవారు. కొండకు తగిన మనిషి ఏటి ఒడ్డుకు పోతున్నాడు, ఏటికి తగిన మనిషి జీడితోటలో పడుకుంటున్నాడు. పైపెచ్చు ఇద్దరూ నవ్వుతూ తిరిగొస్తున్నారు. దీనికి శాఖ వారు అనుచిత సంతోషం అని పేరు పెట్టి, దాన్ని అరికట్టడానికి జిల్లాకొక సముచితాధికారిని నియమించారు. మన జిల్లా సముచితాధికారి పద్మనాభం గారు. ఆయనకొక జీపు, నలభై డేరాలు, ఎనభై మడత కుర్చీలు, ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు. డేరాలు పెదలంక రేవులో ఇసుక మీద వేసేశారు. స్టాంపు మాత్రం ఇంకా తడవలేదు.

సోమవారం పదింటికల్లా వీరవేణి దంపతులు ఆ ఆఫీసులో ఉన్నారు. సీనియర్ అసిస్టెంటు లోవరాజు మహా మర్యాదస్తుడు. కూర్చోండి కూర్చోండి అని నాలుగుసార్లు అన్నాడు. కుర్చీలన్నీ రేవులో ఉన్నాయి కాబట్టి వాళ్లు నిలబడే ఉన్నారు.

"మీ సెలవు ఏ రకమండీ?" అన్నాడు దరఖాస్తు తీసి.

"రకమేంటండీ? ఏటి ఒడ్డున రెండ్రోజులు కూర్చుందామని."

"అది ఉద్దేశమండీ. నేనడిగేది రకం. పోస్టరు మీద ఏముందండీ? మీ సెలవుకు తగిన శిబిరం అని కదా ఉంది? మరి సెలవేంటో తెలీకుండా తగుతుందో తగదో నేనెలా చెప్పేదండీ?" అని సొరుగులోంచి ఓ పట్టిక తీశాడు. "ఇదిగోనండి. ఆకస్మిక సెలవనుకోండి, ఆకస్మికంగా వచ్చేది కాబట్టి తుఫాను షెల్టరు. అర్ధ జీతపు సెలవైతే అర్ధ డేరా."

"మిగతా సగం?" అన్నాడు సూరిబాబు. గుడ్డ దండగవుతుందంటే టైలరు ప్రాణం ఒప్పుకోదు.

"అది ఇంకో అర్ధ జీతం వాళ్లకండి. మధ్యలో దుప్పటి కట్టేస్తాం."

"మరి జీతం లేని సెలవైతేనో?" అంది వీరవేణి భయంభయంగా.

"గుంజలిస్తామండి. గుడ్డ ఉండదు."

వీరవేణి గుండె కుదుటపడింది. తనది పూర్తి జీతపు సెలవు. "నాది ఆర్జిత సెలవండీ" అంది గర్వంగా.

లోవరాజు మొహం చేటంతయింది. "ఆర్జితం! అలా చెప్పండి మరి! ఆర్జితం అంటే కష్టపడి సంపాయించింది కదండీ? దానికి తగింది శ్రమదాన శిబిరమండి. పొద్దున్నే ఆరింటికి పలుగూ పారా ఇస్తారు. కాలవ పూడిక తియ్యాలి."

"నా కష్టం అయిపోయిందండీ బాబూ!" వీరవేణి దాదాపు కేక పెట్టింది. "ఇరవై రెండేళ్లు పడ్డాను. ఆ కష్టానికే కదండీ ఈ సెలవు?"

"పాయింటేనండోయ్" అని లోవరాజు దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు. రాసుకున్నాక దాన్ని ఏం చెయ్యాలో తెలియక, సముచితాధికారిగారి బల్ల మీద పెడతానన్నాడు. ఆయన బుధవారం గానీ రారట. ఎక్కడున్నారని వీరవేణి అడగలేదు, ఎక్కడుంటారో ఆవిడకు తెలుసు.

"ఇంతకీ ఇప్పటిదాకా ఎంతమందికి తగిన శిబిరం దొరికిందండీ?" అన్నాడు సూరిబాబు బయల్దేరుతూ.

"ఒక్కరికీ దొరకలేదండి" అన్నాడు లోవరాజు సంతృప్తిగా. "అంత పకడ్బందీగా ఉందండి మా విధానం. అన్నట్టు, మీ సెలవు కాయితం ఏదండీ?"

"నాకు సెలవేంటండీ? సొంత కొట్టు. తాళం వేసుకుని వచ్చేస్తాను."

"అలా కుదరదండీ. సెలవు లేని మనిషికి తగిన శిబిరం అంటూ ఉండదు. మీ పైన నియంత్రణాధికారి ఎవరో వారి చేత మంజూరు చేయించుకు రండి."

సూరిబాబు మెల్లగా తల తిప్పి పెళ్లాం వంక చూశాడు. లోవరాజుకు కూడా పెళ్లయింది గనక ఇంకేం అడగలేదు.

మంగళవారం పొద్దున సూరిబాబు బ్లౌజుల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఓ కాయితం చింపి, మహరాజశ్రీ వీరవేణి గారి దివ్య సముఖమునకు విన్నపం రాసుకున్నాడు. పెళ్లివారి బ్లౌజులు ఎనిమిది మిగిలి ఉన్నప్పటికీ, తమ విధేయుడైన భర్తకు సెలవు ఇప్పించ ప్రార్థన అన్నాడు. వీరవేణి పొయ్యి దగ్గరే నిలబడి చదివింది. ఇరవై రెండేళ్లుగా తన చీటీల మీద అయ్యగారు ఏం రాస్తారో ఆవిడకు కంఠతా వచ్చు. "అవసరమేమి? వివరణ కోరడమైనది" అని రాద్దామా అని ఓ క్షణం చెయ్యి దురద పెట్టింది. మళ్లీ జాలేసి "మంజూరు. బ్లౌజులు వచ్చాక కుట్టవలెను" అని సంతకం చేసింది. సెలవు రకం అన్నచోట ఏం రాయాలో తోచక "ఇష్టమైన సెలవు" అని రాసింది.

లోవరాజు పట్టికను ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ వెతికాడు. "ఇష్టమైన సెలవు అన్నది ఇందులో లేదండి" అన్నాడు.

"అయితే తగదంటారా?" అంది వీరవేణి. సగం ఆశ అక్కడే ఆవిరైపోయింది.

"తగదని రాయాలన్నా పట్టికలో ఉండాలి కదండీ! లేనిదానికి అభ్యంతరం ఎలా పెడతామండీ?" లోవరాజు చెమట తుడుచుకున్నాడు. పట్టికలో లేని సెలవు కాబట్టి అది ఏ శిబిరానికైనా తగుతుందని తేలింది. స్టాంపు తీసి సిరాలో ఒత్తి "సముచితుడు" అని గట్టిగా గుద్దాడు. ఆఫీసంతా లేచి నిలబడింది. సూరిబాబు మెడలో దండ పడింది. జిల్లాలో ప్రథమ సముచితుడు దొరికాడని ఆ సాయంత్రమే రాజధానికి నివేదిక వెళ్లిపోయింది.

"మరి నాది?" అంది వీరవేణి.

"మీది రేపండి. మా పద్మనాభం గారి దగ్గర."

ఇంటికి వస్తున్నంతసేపూ సూరిబాబు మెడలో దండ తియ్యలేదు. తియ్యమని వీరవేణీ అనలేదు గానీ, సోమ, మంగళ అని రెండు వేళ్లు మడిచి మిగిలిన మూడూ చూసుకుంది.

బుధవారం పద్మనాభం గారు దర్శనమిచ్చారు. మనిషి మామూలుగానే ఉంటాడు గానీ, నోరు తెరిస్తే ఉత్తర్వులే వస్తాయి. ఇంట్లో చారు కావాలన్నా "చారు సరఫరా చేయవలసినది" అంటారని లోవరాజు చెప్పుకుంటాడు.

"శ్రీమతి వీరవేణి గారూ" అన్నారాయన. "తమ దరఖాస్తును కూలంకషముగా పరిశీలించడమైనది. శ్రమదానము విషయమై తమ అభ్యంతరము సమంజసమే. అయితే అంతకన్నా మౌలికమైన చిక్కు ఒకటి బయల్పడినది. తమరు ప్రభుత్వోద్యోగి."

"అవునండీ."

"సెలవు అనగా విధికి గైర్హాజరు. క్యాంపు అనగా విధి నిమిత్తము ప్రధాన కేంద్రము వెలుపల హాజరు. ఒకే ఉద్యోగి ఏకకాలమున హాజరుగానూ గైర్హాజరుగానూ ఉండుటను నియమావళి సహించదు. కావున సెలవులో ఉన్నంతకాలము తమరు క్యాంపునకు పోరాదు. క్యాంపునకు పోయినచో తమరు సెలవులో లేనట్లే."

"మరి పోస్టరు మీద అలా రాసేరేంటండీ?"

"పోస్టరు ప్రజలకు. తమరు ప్రజలు కారు."

"అయితే ఈ సెలవుకి తగిన చోటు ఏంటండీ?"

పద్మనాభం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "స్వగృహము" అన్నారు దయగా. "తమ భర్తగారు మాత్రము శుక్రవారము పదిన్నర గంటలకు శిబిర ప్రవేశము చేయవలెను. నివేదిక వెళ్లిపోయినది."

ఆ రోజు వీరవేణి అన్నం కెలికి వదిలేసింది. ఊళ్లో ఎవరో బీపీ చూడమని వచ్చారు. చూసి పంపింది. ఇంట్లో ఉన్న నర్సమ్మకు సెలవేంటని జనం అనుకుంటారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు.

గురువారం లోవరాజు జీపేసుకుని ఇంటికొచ్చాడు. ప్రథమ సముచితుడు సామాను సర్దుకున్నాడో లేదో చూసి రమ్మన్నారట. సూరిబాబు మిషను దగ్గర కూర్చుని ఎనిమిదో బ్లౌజుకు హుక్కులు కుడుతున్నాడు.

"నేను రానండి" అన్నాడు తలెత్తకుండానే.

"అదేంటండీ!" అన్నాడు లోవరాజు. "నివేదిక వెళ్లిపోయిందండీ! మీ ఫొటో కూడా వెళ్లిపోయిందండీ!"

"ఫొటోనే ఉండమనండి డేరాలో. ఈ సరదా మా ఆవిడది. పోస్టరు చూసి రెండు బస్సులు వదిలేసుకుంది. నేనొక్కణ్ణీ పోయి ఇసకలో ఏం చెయ్యను? కాజాలు కుట్టుకోనా?"

లోవరాజు గుమ్మంలో నిలబడే పద్మనాభం గారికి ఫోను చేశాడు. అవతల చాలాసేపు కాయితాలు తిప్పిన చప్పుడైంది. సముచితుడు రాకపోతే ఏం చెయ్యాలో నియమావళిలో లేదు. కానీ వెతగ్గా వెతగ్గా ఇంకొకటి దొరికింది. ఆరోగ్య సిబ్బంది లేని శిబిరం శిబిరమే కాదని పద్దెనిమిదో నియమం చెబుతోంది. అంటే నర్సును నియమించందే సముచితుడు వచ్చినా రానట్టే. పెదలంక రేవుకు దగ్గర్లో ఉన్న నర్సు ఎవరు? వెదుళ్లపాలెం నర్సమ్మ. ఆవిడ సెలవులో ఉందే? సెలవు రద్దు చేస్తే సరి. రెండు శాఖలూ ఫోనులో మాట్లాడుకున్నాయి. ఏనాడూ ఒక కాయితం మీద కలవని రెండు శాఖలు, ఒక నర్సమ్మ సెలవు తీసెయ్యడానికి గంటలో కలిశాయి. నాలుగింటికి లోవరాజే మళ్లీ ఉత్తర్వు పట్టుకొచ్చాడు.

వీరవేణి అది అరుగు మీద కూర్చుని చదివింది. సోమవారం నుంచి ఆవిడ సెలవు రద్దు. శుక్రవారం పదిన్నరకు పెదలంక రేవు విహార శిబిరంలో ఆరోగ్య బాధ్యతలు స్వీకరించవలెను. ఇంకా ఏదో ఉంది కానీ అక్షరాలు అలికేసినట్టయ్యాయి.

"మళ్లీ డేరా కింద డ్యూటీయేనండీ" అంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. "పదకొండు సార్లు తిరిగి తెచ్చుకున్నానండీ. నాలుగు రోజులు మింగేసేరు. మిగిలిన ఒక్కటీ లాక్కున్నారు. నేనేం అడిగేను? కూర్చుంటానన్నాను, అంతే కదా!"

సూరిబాబు వచ్చి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. లోవరాజు వెళ్లలేక, ఉండలేక చెప్పులతో నేల గీస్తూ నిలబడ్డాడు. "టీ గ్లాసులు నేను జీపులో పెట్టిస్తానండి" అన్నాడు చివరికి.

శుక్రవారం పదిన్నరకు జీపు వాళ్లిద్దర్నీ పెదలంక రేవులో దింపి వెళ్లిపోయింది. ఇసుక మీద నలభై నీలం డేరాలు, వాటి ముందు ఎనభై కుర్చీలు. నరమానవుడు లేడు. ఎదురుగా గోదారి నిండుగా పోతోంది.

వీరవేణి అలవాటు ప్రకారం మందుల పెట్టె దించి, బల్ల తుడిచి, రిజిస్టరు తెరిచింది. "లబ్ధిదారుల సంఖ్య: ఒకటి" అని రాసింది. ఆ ఒక్కణ్ణీ పిలిచింది.

"ఏమైనా నలతగా ఉందాండీ?"

"లేదు" అన్నాడు సూరిబాబు.

"జ్వరం, దగ్గు, విరేచనాలు?"

"ఆకలి."

"ఆకలికి ఇందులో గడి లేదు" అని, రోగులు లేరు అని రాసి సంతకం చేసింది. గడియారం చూసుకుంది. పది ముప్పై నాలుగు. వారం తిరిగినా ఇంకో లబ్ధిదారుడు వచ్చే ప్రమాదం లేదు. అంత పకడ్బందీగా ఉంది వాళ్ల విధానం.

అప్పుడు ఆవిడ ఉత్తర్వు తీసి, నిన్న కళ్లనీళ్లలో కనపడని భాగం చదివింది. రద్దయిన సెలవు ఐదు రోజులూ యథాతథంగా ఆవిడకే మిగిలి ఉంటాయట. సదరు ఉద్యోగి శుక్రవారం నుంచి క్యాంపులో ఉన్నట్లు పరిగణించవలెనట. లబ్ధిదారుడు సంపూర్ణ సంతృప్తి చెందినట్లు లిఖితపూర్వకంగా తెలిపేవరకు శిబిరం కొనసాగవలెనట.

ఆ మధ్య వాక్యాన్ని మళ్లీ చదివింది. క్యాంపులో ఉన్నట్లు. పైకి చదివి వినిపించింది. సూరిబాబు టీ పొయ్యి వెలిగిస్తూ, అయితే ఏంటన్నట్టు చూశాడు. ఆయనకు ఆఫీసు గుమ్మాల సంగతి తెలీదు.

వీరవేణి లేచి వెళ్లి మడత కుర్చీ ఒకటి విప్పింది. అది డాక్టరుగారిదేమో అని ఓసారి చుట్టూ చూసింది. డాక్టరుగారు లేరు. కూర్చుంది. ముందు ఓ కాలు చాపింది, తర్వాత రెండోది. ఇసుక వెచ్చగా ఉంది. సూరిబాబు గ్లాసు అందించాడు.

రెండో గుక్కలో ఫోను మోగింది. వైద్యాధికారి అయ్యగారు! ఇన్నేళ్లలో ఆయన స్వయంగా ఫోను చెయ్యడం ఇదే మొదలు.

"వెదుళ్లపాలెం నర్సు ఎక్కడ? టీకాల జాబితా ఏది? ఇవాళే కావాలి!" అని అరుస్తున్నారాయన.

వీరవేణి ఉన్నపళాన లేచి నిలబడబోయింది. అంతలో గోదారి వంక చూసి, గొంతు సవరించుకుని, దాలయ్య ఎలా అంటాడో అచ్చం అలాగే, తీరిగ్గా అంది.

"మేడంగారు క్యాంపులో ఉన్నారండి."

అవతల కేక టక్కున ఆగిపోయింది. ఆ మాటకు ఎదురు మాట ఉండదని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ తర్వాత, ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల గొంతులాంటి గొంతు వినిపించింది.

"ఎప్పుడొస్తారండీ?"

వీరవేణి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, సంతృప్తి చెందేరా?"

సూరిబాబు టీ ఊదుకుంటూ గోదారిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"చెప్పలేమండి" అంది వీరవేణి ఫోనులో. "వస్తే తెలుస్తుంది."